అవుట్‌డోర్ ఫ్యాషన్ షూట్‌కి ఏ కెమెరా కొనాలి: ఒక రోజులో మీరే పోల్చి చూసుకునే పద్ధతి

వారానికి ఒకరైనా ఫోన్ చేసి అడుగుతుంటారు, అన్నా నికాన్ జెడ్8 తీసుకోనా సోనీ ఏ7ఆర్ ఫైవ్ తీసుకోనా, కెనాన్ ఆర్5 ఇప్పుడు కొంటే పాతదైపోయినట్టా, లేకపోతే అప్పోసప్పో చేసి ఫుల్ ఫ్రేమ్ కన్నా పెద్ద సెన్సర్ ఉండే ఫూజీ మీడియం ఫార్మాట్‌కి వెళ్లిపోనా అని. అప్పటికే వాళ్లు పదిహేను వీడియోలు చూసేసి ఉంటారు, మెగాపిక్సెల్స్ ఎన్ని, సెకనుకి ఎన్ని ఫ్రేములు, 8కే వస్తుందా రాదా అన్నీ నోటికొచ్చేసి ఉంటాయి. అవి తప్పని కాదు గానీ బయట ఎండలో చీరలు, లెహంగాలు తీసేవాళ్లకి నిజంగా పనికొచ్చే లైన్లు స్పెక్ షీట్‌లో ఎక్కడో అడుగున ఉంటాయి. ఫ్లాష్ సింక్ స్పీడ్ ఎంత, బేస్ ఐఎస్ఓ (సెన్సర్ మామూలుగా పనిచేసే కనిష్ఠ ఐఎస్ఓ) ఎంత, సెన్సర్ ముందు లోపాస్ ఫిల్టర్ (సన్న నేత మీద రంగు అలలు రాకుండా కాస్త ఆపేది) ఉందా లేదా, అవీ చూడాల్సినవి. ఇక చీర రంగు చీర రంగులా వస్తుందా అన్నది ఏ షీట్‌లోనూ రాయరు, అది మనమే చూసుకోవాలి. అందుకే ఎవరడిగినా నేను ఒకటే చెప్తా, మంచి చీర ఒకటి, కట్టుకుని నిలబడే మనిషి ఒకరు, మిట్టమధ్యాహ్నం ఎండ, ఈ మూడూ పెట్టుకుని రెండు బాడీలు (లెన్స్ కాకుండా కెమెరా భాగం) ఒకే రోజు అద్దెకి తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి, ఆ తర్వాతే డబ్బు తీయండి.

నాకు ఇది గండికోటలో తెలిసొచ్చింది. ధర్మవరం పట్టుచీరల షూట్, ఒక కుటుంబం నడుపుకునే షాపు వాళ్లది, పెన్నా లోయ అంచున ఎర్ర రాళ్ల దగ్గర మోడల్ నిలబడింది, రాణి కలర్ చీర, ఒళ్లంతా జరీ బుటాలు. కెమెరా వెనక స్క్రీన్ మీద చాలా బాగుంది, అందరం ఓకే అనేసుకున్నాం. రాత్రి జమ్మలమడుగులో లాడ్జి రూముకొచ్చి ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే కొంగు మొత్తం గులాబీ పెయింట్ పూసినట్టుంది, నేత లేదు, మడత లేదు, బుటా చుట్టూ ఉండాల్సిన సన్న గీత లేదు. షాపు పెద్దాయన కళ్లజోడు సవరించుకుని దగ్గరకొచ్చి చూసి "బాబూ, చీర బాగుంది గానీ ఇది మా చీర కాదు, కొంగులో పని ఏదయ్యా?" అన్నారు. ఏమైందంటే ఎరుపు ఛానల్ ఒక్కటే పూర్తిగా క్లిప్ అయిపోయింది, అంటే హద్దు దాటి అందులో వివరాలన్నీ పోయాయి, నేను చూసుకున్నదేమో మూడు రంగులూ కలిపి చూపించే తెల్ల హిస్టోగ్రామ్ (వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫ్), అది మధ్యలో హాయిగా కూర్చునుంది. మర్నాడు తెల్లారకముందే మళ్లీ అదే చీర కట్టించి ఎండ ఎక్కకముందే తీశాం. అప్పట్నుంచీ ఏ కొత్త బాడీ చేతికొచ్చినా ముందు రాణి కలర్ చీర మీదే పెడతాను.

సరే, టెస్ట్ ఎలా చేయాలో చెప్తా. హైదరాబాద్‌లో అయితే కృష్ణానగర్, యూసఫ్‌గూడ చుట్టుపక్కల గేర్ అద్దెకిచ్చేవాళ్లు దొరుకుతారు, మిగతా ఊళ్లలో పెళ్లిళ్లు తీసేవాళ్లని అడిగితే ఎవరి దగ్గర ఏ బాడీ ఉందో తెలిసిపోతుంది. పెళ్లిళ్ల సీజన్లో మంచి ముహూర్తం ఉన్న రోజు మాత్రం పోకండి, ఆ రోజు ఊళ్లో ఉన్న బాడీలన్నీ మండపాల్లోనే ఉంటాయి. మూఢం నడుస్తున్న రోజుల్లో అడిగితే గేర్ ఖాళీగా ఉంటుంది, రేటు కూడా మాట్లాడుకోవచ్చు. రెండు బాడీలకీ ఒకే ఫోకల్ లెంగ్త్ లెన్స్ అడగండి, 85 ఎంఎం గానీ 70-200 గానీ, ఒకదానికి మంచి లెన్స్ ఇంకోదానికి కిట్ లెన్స్ పెట్టి పోలిస్తే మీరు పోల్చింది లెన్సులనే, బాడీలని కాదు. ఫ్లాష్ మీరు రోజూ వాడేదే తీసుకోండి, ట్రిగ్గర్ (కెమెరా మీద పెట్టి ఫ్లాష్‌ని వెలిగించేది) మాత్రం ఏ బ్రాండుకి ఆ బ్రాండుది కావాలి, ఇది మర్చిపోయి సగం రోజు పోగొట్టుకున్నవాళ్లని చూశాను. చీరలు మూడు చాలు, ఒకటి రాణి కలర్ పట్టు, రెండోది నెమలి కంఠం రంగు డబుల్ షేడ్, మూడోది మంగళగిరి కాటన్ లాంటి సన్న గీతలో సన్న గళ్లో ఉన్నది. మోడల్‌ని పెట్టుకోనక్కర్లేదు, చెల్లెలో వదినో ఓపిగ్గా రెండు గంటలు నిలబడితే చాలు, జుట్టు వదులుగా ఉండాలి, చెవులకి పెద్ద జుంకాలుండాలి, ఎందుకో తర్వాత చెప్తా. కోటలకీ గుమ్మటాలకీ పోవద్దు, పురావస్తు శాఖ చూసుకునే గోల్కొండ లాంటి చోట్ల స్టాండు, లైటు పెట్టాలంటే ముందే పర్మిషన్ తెచ్చుకోవాలి, టెస్ట్‌కి ఇంటి మేడ చాలు.

పదకొండున్నరకి మొదలుపెట్టండి. ముందు ఎండ సంగతి, దీని మీదే ఎక్కువసేపు ఉంటాను ఎందుకంటే అవుట్‌డోర్ ఫ్యాషన్‌లో కెమెరాకీ కెమెరాకీ తేడా తెలిసేది ఇక్కడే. సన్నీ 16 లెక్క ప్రకారం ఫుల్ ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్ 16 (ఎఫ్ నంబరు లెన్స్ రంధ్రం సైజు, నంబరు తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది) పెడితే షట్టర్ 1/100 దగ్గర వస్తుంది. మనకి ఎఫ్ 16 వద్దు, వెనక ఉన్న గోడో చెట్లో మెత్తగా కరిగిపోయి చీర ఒక్కటే ముందుకి రావాలి, ఎఫ్ 2.8 కావాలి. అంటే ఐదు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు) తెరిచినట్టు, షట్టర్ 1/3200కి వెళ్లాలి. ఇప్పుడు ఎండని అమ్మాయి వీపు వైపు పెట్టి మొహానికి ఫ్లాష్ ఇద్దామంటే కుదరదు, ఎందుకంటే మామూలు ఫోకల్ ప్లేన్ షట్టర్‌లో తెరలు రెండు, ఒకటి తెరుచుకుంటూ పోతుంటే రెండోది వెనకాలే మూసుకుంటూ వస్తుంది, స్పీడు పెరిగేకొద్దీ మధ్యలో సందు సన్నబడుతుంది, సెన్సర్ మొత్తం ఒకేసారి తెరిచి ఉండే అత్యధిక స్పీడునే సింక్ స్పీడ్ అంటాం. అది దాటితే ఫ్లాష్ వెలిగిన క్షణంలో తెరిచి ఉన్న పట్టీకే వెలుగు పడుతుంది, మిగతా ఫ్రేములో నల్ల పట్టీ.

ఆ నంబర్లు ఇవీ. సోనీ ఏ7 ఫోర్, ఏ7ఆర్ ఫైవ్ రెండూ 1/250. కెనాన్ ఆర్5 మెకానికల్ షట్టర్‌తో 1/200, ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (మొదటి తెర పని సెన్సరే చేసే పద్ధతి) పెడితే 1/250. నికాన్ జెడ్8లో మెకానికల్ షట్టరే లేదు, అయినా సెన్సర్ అంత వేగంగా చదువుతుంది కాబట్టి 1/200కి ఫ్లాష్ పనిచేస్తుంది, ఫ్లాష్ రేంజ్ కొంచెం తగ్గినా పర్లేదంటే 1/250. ఫూజీ జీఎఫ్ఎక్స్ 100ఎస్ 1/125 మాత్రమే. 125కీ 250కీ ఏముందిలే అనిపిస్తుంది గానీ అది సరిగ్గా ఒక స్టాప్, ఒక స్టాప్ అంటే ఫ్లాష్ పవర్ రెట్టింపు, 250 సింక్ ఉన్నవాడు 300 వాట్ సెకన్ల లైటుతో చేసే పనికి 125 సింక్ ఉన్నవాడు 600 మోయాలి, ఆ లైటూ స్టాండూ బ్యాటరీలూ కొండెక్కించాల్సింది మీ అసిస్టెంట్ తమ్ముడే. కెమెరా ధర చూసేటప్పుడు లైటు ధర కూడా అందులో కలిపే చూడాలి.

దీనికి దారులు ఉన్నాయి. ఒకటి హై స్పీడ్ సింక్, ఫ్లాష్ ఒక్కసారి కొట్టకుండా సందు కదిలినంతసేపూ గబగబా వణుకుతూ వెలుగుతుంది, 1/3200 అయినా పట్టీ రాదు, కానీ సుమారు రెండు స్టాప్‌ల పవర్ పోతుంది, స్పీడు పెంచేకొద్దీ ఇంకా పోతుంది. రెండోది ఎన్‌డీ ఫిల్టర్, లెన్స్ ముందు పెట్టి వెలుగు తగ్గించే బూడిద రంగు అద్దం, నాలుగు స్టాప్‌ల ఎన్‌డీ పెడితే ఎఫ్ 2.8 దగ్గరే షట్టర్ 1/200కి దిగుతుంది, ఫ్లాష్ మామూలుగా కొడుతుంది, కాకపోతే ఎన్‌డీ ఫ్లాష్‌ని కూడా అంతే మసకబారుస్తుంది కాబట్టి ఎఫ్ 11 దగ్గర ఎంత పవర్ కావాలో అంతే కావాలి. చవక ఎన్‌డీ పెడితే రంగు మారిపోతుంది, చీరల పనికి అది అస్సలు పనికిరాదు, ఫిల్టర్ దగ్గర పిసినారితనం వద్దు. మూడోది లెన్స్‌లోనే ఉండే లీఫ్ షట్టర్, హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డీ లాంటి వాటిలో ఉంటుంది, దాని సొంత ఎక్స్‌సీడీ లెన్సులతో కనీసం 1/2000 దాకా సింక్ అవుతుంది. నాలుగోది సోనీ ఏ9 త్రీ, 2023లో ప్రకటించారు, గ్లోబల్ షట్టర్, సెన్సర్ మొత్తం ఒకే క్షణంలో చదివేస్తుంది కాబట్టి సింక్ స్పీడ్ అనే హద్దే లేదు, అది చూసినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది, ఇన్నేళ్లుగా మోస్తున్న బరువు దింపినట్టు. అయితే 24 మెగాపిక్సెల్సే, బేస్ ఐఎస్ఓ 250 అంటే ఎండలో అంతే వెలుగుకి ఐఎస్ఓ 100 కన్నా ఫొటో ఒక స్టాప్‌కి పైనే ఎక్కువ తెల్లబడుతుంది. ఇంకోటి, పెద్ద ఫ్లాష్ ఫుల్ పవర్‌లో కొట్టినప్పుడు ఆ మెరుపు కూడా సెకనులో ఇన్నో వంతు అని కొంతసేపు ఉంటుంది, షట్టర్ అంతకన్నా ముందే మూసుకుంటే మెరుపులో తోక భాగం తెగిపోతుంది, అందుకని లీఫ్ షట్టరైనా గ్లోబల్ షట్టరైనా మీ ఫ్లాష్‌తో మీరే కొట్టి చూసుకోవాలి.

టెస్ట్‌లో చేయాల్సింది: మనిషి వెనక ఎండ, మొహానికి ఆక్టా (ఫ్లాష్‌కి తగిలించే ఎనిమిది మూలల సాఫ్ట్‌బాక్స్) ఒకటిన్నర మీటరు దూరంలో, ఎఫ్ 2.8. ముందు హై స్పీడ్ సింక్‌లో, తర్వాత ఎన్‌డీ పెట్టి, మొహం సరిగ్గా రావడానికి ఫ్లాష్ ఎంత పవర్ మీద పెట్టాల్సొచ్చిందో ఒక్కో బాడీకీ పుస్తకంలో రాసుకోండి. ఆ వెంటనే అదే పవర్‌లో గబగబా ముప్పై ఫొటోలు కొట్టండి, ఎన్నోదానికి ఫ్లాష్ ఆలస్యం అయిందో, ఎన్నోదానికి వేడెక్కి మొరాయించిందో రాసుకోండి. బేస్ ఐఎస్ఓ 64 ఉన్న జెడ్8 లాంటి బాడీ ఇక్కడ కాస్త సుఖపెడుతుంది, 100తో పోలిస్తే స్టాప్‌లో మూడింట రెండొంతులు తేడా, ఎన్‌డీ కొంచెం పల్చటిది చాలు. సెకనుకి 20 ఫ్రేములు అని మురిసిపోయేవాళ్లు ఇదొకటి గమనించాలి, 600 వాట్ సెకన్ల గోడాక్స్ లైటు కూడా ఫుల్ పవర్ మీద మళ్లీ నిండడానికి దాదాపు సెకను తీసుకుంటుంది, ఫ్లాష్‌తో తీసేవాడికి ఆ ఫ్రేముల లెక్కతో పని తక్కువ.

ఇక రంగు. ముందు రెండు బాడీల్లోనూ పిక్చర్ స్టైల్ న్యూట్రల్ లేదా ఫ్లాట్ పెట్టేయండి, ఎందుకంటే రా (సెన్సర్ ఇచ్చిన డేటా మొత్తం ఉండే ఫైలు) తీసినా కెమెరా వెనక చూపించే హిస్టోగ్రామ్ జెపెగ్‌ది, వివిడ్ పెట్టుకుని చూస్తే అది అబద్ధం చెప్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ ఆన్ చేయండి. రాణి కలర్ చీర ఎండలో పెట్టి సరైన ఎక్స్‌పోజర్ దగ్గర మొదలుపెట్టి మూడో వంతు చొప్పున తగ్గించుకుంటూ ఆరేడు ఫొటోలు తీయండి. ఇంటికెళ్లాక లైట్‌రూమ్‌లోనో క్యాప్చర్ వన్‌లోనో కొంగు మడతల దగ్గర జూమ్ చేసి ఏ ఫొటో నుంచి నేత కనబడటం మొదలైందో చూడండి. ఒక బాడీలో మొదటి ఫొటోకే కనబడొచ్చు, ఇంకోదాంట్లో మూడు మెట్లు దిగాక కనబడొచ్చు, ఆ తేడా మీకు లొకేషన్‌లో ఎంత తగ్గించి తీయాలో చెప్పే నంబరు. కొన్ని గులాబీలూ వంగపండు రంగులూ ఎస్‌ఆర్‌జీబీలో (వెబ్‌లో మామూలుగా వాడే రంగుల పరిధి) పట్టవు, రాలో నేత ఉన్నా ఎక్స్‌పోర్ట్ చేశాక మళ్లీ పెయింట్ పూసినట్టయిపోతుంది, అప్పుడు కెమెరాని తిట్టుకోవద్దు, ఎక్స్‌పోర్ట్ ఎలా వస్తుందో ముందే చూపించే ప్రూఫ్ వ్యూ పెట్టుకుని ఆ ఒక్క రంగు సాచురేషన్ కొంచెం దించితే నేత వెనక్కొస్తుంది.

నెమలి కంఠం చీర ఎందుకంటే, అందులో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు, చాలావాటిలో ఒకటి నీలం ఇంకోటి ఆకుపచ్చ, బట్ట తిరిగినప్పుడల్లా ఒకటి పైకి ఇంకోటి లోపలికి వెళ్తుంటుంది. చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నెమ్మదిగా తిప్పి చూడండి, మడత వంపు మీద ఆకుపచ్చ మెరిసి, లోతులో నీలం నల్లబడి, ఆ రెండూ కలిసేచోట పేరు పెట్టలేని ఒక రంగు వస్తుంది, కొనేవాళ్లు ఆ మెరుపుకే డబ్బిస్తారు. ఫ్లాష్ కెమెరా పక్కనుంచి ఎదురుగా కొడితే ఆ ఆట మొత్తం చచ్చిపోయి చీర ఒకే ముదురు రంగులా పడుతుంది. అందుకని రెండు బాడీలతోనూ ఒకసారి నీడలో, ఒకసారి పక్కనుంచి ఫ్లాష్‌తో, ఒకసారి ఎదుటి ఫ్లాష్‌తో తీయండి. జరీ సంగతీ అంతే, పైన నీలాకాశం ఉంటే బంగారు జరీ మీద ఆ నీలం పడి ఆకుపచ్చగానో బూడిదగానో కనిపిస్తుంది, ఒక తెల్ల థర్మోకోల్ షీట్ పైనుంచి అడ్డం పెట్టండి, బంగారం మళ్లీ బంగారమవుతుంది.

ప్రతి వెలుగులోనూ మొదటి ఫొటోలో 24 గళ్ల కలర్ చార్ట్ ఒకటి మనిషి చేతికిచ్చి తీయండి, దాంతో ఒక్కో బాడీకీ ప్రొఫైల్ (ఆ బాడీ రంగుల్ని సరిదిద్దే సెట్టింగ్) చేసుకోవచ్చు. నేను రెండు బాడీల ఫొటోలూ ఇలా చార్ట్ ప్రొఫైల్ వేసి ప్రింట్ తీయించి, ప్రొఫైల్ వేయనివి కూడా ప్రింట్ తీయించి, చీరతో సహా తీసుకెళ్లి మళ్లీ ఆ పెద్దాయన ముందే పెట్టాను. ఆయన షాపు బయట అరుగు మీదకి తెచ్చుకుని, ట్యూబ్‌లైట్ కింద రంగు చూడకూడదు అని, చీర అంచు ఒక్కో ప్రింట్ పక్కన ఆనించి చూశారు. ప్రొఫైల్ లేని రెండూ పక్కన పడేశారు. మిగిలిన రెండింట్లో ఏది ఏ కెమెరాదో తేడా లేదు, రెండూ మా చీరే అన్నారు. దాంతో నాకు ఒక సందేహం తీరింది, ఈ బ్రాండు రంగులు బాగుంటాయి ఆ బ్రాండు స్కిన్ టోన్ బాగుంటుంది అని ఏళ్లుగా కొట్టుకునే మాట జెపెగ్ నేరుగా ఇచ్చేవాళ్లకి వర్తిస్తుంది, రా తీసి చార్ట్ పెట్టుకునేవాళ్లు దాని కోసం బ్రాండ్ మారనక్కర్లేదు.

మెగాపిక్సెల్స్ విషయానికొస్తే లెక్క వేసుకుంటే భయం పోతుంది. ఏ4 సైజు మ్యాగజైన్ పేజీ నిండా 300 డీపీఐలో 2480 బై 3508, అంటే 9 మెగాపిక్సెల్స్ లోపే. రెండు పేజీలు కలిపి పరిచినా పదిహేడున్నర. ఇన్‌స్టాలో 4:5 నిలువు పోస్ట్ 1080 బై 1350. రోడ్డు మీద హోర్డింగ్ దూరం నుంచి చూసేది, దానికి అంత డీపీఐ అక్కర్లేదు. మరి 45 ఎందుకంటే కట్ చేసుకోవడానికి, క్లయింట్ అడ్డంగా తీయించుకుని తర్వాత నిలువు 4:5 అడుగుతారు, 45 మెగాపిక్సెల్స్ అడ్డ ఫొటోలోంచి అలా కోస్తే 24 దాకా మిగులుతుంది, 24లోంచి కోస్తే 13 లోపు. పెద్ద ప్రింట్ కేటలాగ్ లేకపోతే 33 ఉన్న ఏ7 ఫోర్ చీరల బ్రాండ్ల పనికి హాయిగా సరిపోతుంది, ఇది నేను నమ్మకంగా చెప్తాను. 61, 100 తీసుకునేవాళ్లు కార్డులు, హార్డ్ డిస్కులు, ల్యాప్‌టాప్ కూడా బడ్జెట్లో వేసుకోవాలి, 100 మెగాపిక్సెల్స్ కంప్రెస్ చేయని రా ఒక్కోటి 200 ఎంబీ దగ్గరుంటుంది, రోజుకి 800 ఫొటోలు తీస్తే 160 జీబీ, దానికి రెండో కాపీ ఉండాలిగా.

కానీ రిజల్యూషన్‌తో ఒక మేలు నిజంగా ఉంది, మోయిరే. సన్న నేత బట్ట సెన్సర్ గళ్లతో పోటీపడినప్పుడు బట్ట మీద ఇంద్రధనస్సు లాగా అలలొస్తాయి, మంగళగిరి చీర తెమ్మన్నది అందుకే. కెనాన్ ఆర్5లో లోపాస్ ఫిల్టర్ ఉంది, కాస్త ఆపుతుంది, జెడ్8లో, ఏ7ఆర్ ఫైవ్‌లో, జీఎఫ్ఎక్స్‌లో లేదు, కాకపోతే పిక్సెల్స్ ఎక్కువైనకొద్దీ అలలు రావడానికి ఇంకా సన్న నేత కావాలి. టెస్ట్‌లో ఫుల్ లెంగ్త్ దూరం నుంచి మొదలుపెట్టి అడుగడుగు దగ్గరకొస్తూ పది ఫొటోలు తీయండి, ఏ బాడీకి ఏ దూరంలో అలలొచ్చాయో దొరికిపోతుంది. స్క్రీన్ మీద చిన్నగా చూసి మోయిరే అనుకోవద్దు, 100 శాతం జూమ్‌లో ఉంటేనే ఉన్నట్టు. లొకేషన్‌లో వస్తే అర అడుగు ముందుకో వెనక్కో జరగండి, చాలాసార్లు పోతుంది, ఎడిటింగ్‌లో తీద్దామంటే రంగు కూడా కొట్టుకుపోతుంది.

ఫోకస్‌కి జుంకాలూ వదులు జుట్టూ. ఇప్పటి బాడీలన్నీ కన్ను పట్టుకుంటాయి, నిలబడి నవ్వుతుంటే అందరూ పాసే. మనిషిని మీ వైపు నడిపించండి, కొంగు ఎగరేయమనండి, గిరగిరా తిరగమనండి, జుట్టు మొహం మీద పడాలి, చేతి గాజులు కన్ను ముందుకి రావాలి. ఒక్కో బాడీతో యాభై ఫ్రేములు తీసి ఎన్ని కంటి మీద ఉన్నాయి, ఎన్ని జుంకా మీదకి జారాయి లెక్కపెట్టండి. ఎండకి ఎదురుగా పెట్టి కూడా చేయండి, వెనక వెలుగులో కాంట్రాస్ట్ పడిపోయి కొన్ని తడబడతాయి. మీడియం ఫార్మాట్ బాడీలు నిలబడ్డ మనిషికి బాగానే ఉంటాయి, తిరిగే లెహంగాకి ఫుల్ ఫ్రేమ్ వాటి వేగం రాదు, ఏది ఎక్కువ తీస్తారో మీకే తెలుసు.

ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ వాడేవాళ్లు ఒకటి చూసుకోండి, ఎఫ్ 1.2, 1.4 లాంటి వాటితో 1/2000 దాటిస్తే వెనక మసక గుండ్రాలు సగం కోసినట్టు వస్తాయి, అలాంటప్పుడు ఫుల్ మెకానికల్‌కి మార్చాలి.

బరువు చేత్తో పట్టుకుని చూడాల్సిందే, బాడీ ఒక్కటే కాదు లెన్స్‌తో. జెడ్8 బ్యాటరీతో కలిపి 910 గ్రాములు, ఆర్5 738, ఏ7ఆర్ ఫైవ్ 723, జీఎఫ్ఎక్స్ 100ఎస్ 900. సోనీ కొత్త 70-200 కిలో దాటి కాస్త, నికాన్ మొదటి జెడ్ 70-200 ట్రైపాడ్ కాలర్ తీసినా 1360 గ్రాములు, కెనాన్ 85 ఎఫ్ 1.2 దాదాపు కిలో రెండొందలు. మేడ మీద అరగంటకి తేడా తెలియదు, లంబసింగిలో తెల్లవారుజామున నాలుగింటికి మొదలై పదింటిదాకా మెడలో వేలాడితే తెలుస్తుంది. నిలువు ఫొటోలు నేల దగ్గర నుంచి తీసేవాళ్లు స్క్రీన్ నిలువులో కూడా వంగుతుందా చూడండి, కుచ్చిళ్లు నిండుగా కనబడాలంటే కెమెరా నడుము కింద ఉండాలి, జెడ్8, ఏ7ఆర్ ఫైవ్ దీనికి బాగుంటాయి. లెన్సుల విషయంలో సోనీ వాళ్లకి సిగ్మా, టామ్రాన్ ఉన్నాయి కాబట్టి తక్కువలో మంచి 85 దొరుకుతుంది, కెనాన్ ఆర్ఎఫ్ ఫుల్ ఫ్రేమ్‌లో ఆ వెసులుబాటు లేదు, ఆటోఫోకస్ కావాలంటే దాదాపుగా కెనాన్‌వే కొనాలి, ఐదేళ్ల ఖర్చు వేసుకుంటే బాడీ ధర తేడా కన్నా ఇదే ఎక్కువ అవుతుంది.

రెండు కార్డు స్లాట్లు లేని బాడీతో డబ్బు తీసుకునే షూట్‌కి వెళ్లకండి. ఎక్స్2డీలో లోపలే 1 టీబీ ఎస్ఎస్‌డీ ఉంది, పక్కన కార్డు కూడా పెట్టొచ్చు. ఆర్5లోనూ జెడ్8లోనూ ఒక స్లాట్ సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ బీ, రెండోది ఎస్‌డీ, ఆ కార్డుల ధర అడిగాకే లెక్క పూర్తి చేయండి. క్లయింట్‌కి ల్యాప్‌టాప్‌లో లైవ్ చూపించేవాళ్లకి జెడ్8లో రెండు టైప్ సీ పోర్టులున్నాయి, ఒకదాంట్లో ఛార్జింగ్ ఒకదాంట్లో టెథర్ (ల్యాప్‌టాప్‌కి కలిపే కేబుల్), చిన్న సౌకర్యమే గానీ కడప ఎండలో బ్యాటరీ మార్చడానికి పరిగెత్తే పని తప్పుతుంది. లెన్స్ మార్చేటప్పుడు సెన్సర్ ముందు తెర మూసుకునే ఏర్పాటు ఉన్న బాడీల్లో అది మెనూలో ఆన్ చేసుకోండి, గండికోట దుమ్ము సెన్సర్ మీద పడితే చీర మీద మచ్చలొస్తాయి. ఏసీ కారులోంచి భీమిలి గాలిలోకి దిగగానే బ్యాగ్ తీయకండి, జిప్పు వేసే ఇరవై ముప్పై నిమిషాలు ఉంచండి, లేకపోతే అద్దాల మీద ఆవిరి పట్టేస్తుంది. కోనసీమ కొబ్బరితోటల్లో మొహం మీద ఆకుపచ్చ పడుతుంది, అది ఏ కెమెరా మార్చినా పోదు, తెల్ల రిఫ్లెక్టర్ గానీ ఫ్లాష్ గానీ ఉండాల్సిందే.

ఇవన్నీ చేశాక నా లెక్క ఇలా ఉంది. చీరల షాపులు, ఇన్‌స్టా బ్రాండ్లు ఎక్కువ తీసేవాళ్లు ఏ7 ఫోర్ లాంటి 24 నుంచి 33 మెగాపిక్సెల్స్ బాడీ తీసుకుని మిగిలింది మంచి 85 మీదా 600 లైటు మీదా పెట్టండి. కేటలాగులు, హోర్డింగులు, కదిలే ఫొటోలు అన్నీ తీసేవాళ్లకి 45 దగ్గర ఆర్5 గానీ జెడ్8 గానీ, చేతికి ఏది నప్పితే అది, ఐఎస్ఓ 64 కోసం నేనైతే జెడ్8 వైపు మొగ్గుతా. నగల క్లోజప్పులు, పెద్ద డిజైనర్ల క్యాంపెయిన్లు, నిలబెట్టి తీసే పని, వెంట లైట్ల మనుషులు ఉన్నవాళ్లకే మీడియం ఫార్మాట్, అదీ నెలకి రెండే షూట్లుంటే కొనొద్దు, అద్దెకి తెచ్చుకోండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు బాడీ చేతికిచ్చాక ఎఫ్ 16 పెట్టి ఆకాశాన్ని ఫోకస్ లేకుండా ఒక ఫొటో తీయండి, సెన్సర్ మీద మచ్చలుంటే కనబడతాయి. హాట్‌షూ (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే చోటు) మీద మీ ట్రిగ్గర్ పెట్టి ఫ్లాష్ ఒక పదిసార్లు కొట్టండి, పెళ్లిళ్లకి బాగా తిరిగిన బాడీల్లో హాట్‌షూ వదులైపోయి మూడోసారో నాలుగోసారో ఫ్లాష్ మిస్సవుతుంటుంది. రెండు స్లాట్లలోనూ కార్డులు పెట్టి రెండింట్లోనూ ఫొటో పడిందో లేదో చూడండి, బిల్లు మీదున్న సీరియల్ నంబరు బాడీ మీద ఉన్నదానితో కలిపి చూసుకుని అప్పుడు డబ్బు ఇవ్వండి.